బావి దగ్గర మొదలైన కేసు

అందరికీ వందనాలు. పెద్దలకు, సంఘం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లకు, రోజూ ఈ గ్రంథాలయానికి వచ్చే మిత్రులకు నమస్కారం. వెనక గోడకానుకుని నిలబడ్డ కుర్రాళ్లూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండయ్యా. నేను గంటసేపైనా మాట్లాడతాను.

పాకిస్తాన్‌లో క్రైస్తవుల పరిస్థితి గురించి చెప్పమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలా అని రెండు రోజులు ఆలోచించాను. ప్రార్థనా మందిరాల్లో బాంబులు పేలడం దగ్గర మొదలుపెట్టొచ్చు. చట్టం దగ్గర మొదలుపెట్టొచ్చు. కానీ నేను ఒక బావి దగ్గర మొదలుపెడతాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

2009 జూన్ 14. పంజాబ్‌లో, అంటే పాకిస్తాన్ పంజాబ్‌లో, ఇత్తన్‌వాలీ అనే పల్లెటూరు. లాహోరుకు మరీ దూరం కాదు. జూన్ నెలంటే అక్కడ మన రోహిణీ కార్తెను మించిన ఎండ. ఆడవాళ్లు ఒక తోటలో ఫాల్సా పళ్లు కోస్తున్నారు. చిన్న చిన్న పళ్లు, ఊదారంగు, పులుపు. పొదల్లో చేతులు పెట్టి ఒక్కొక్కటే కోయాలి. ఆ కూలీల్లో ఆసియా బీబీ ఒకరు. ఐదుగురు పిల్లల తల్లి, చదువు లేదు. దాహమేస్తే వెళ్లి నీళ్లు తోడింది. అక్కడున్న పాత్రతో తను తాగింది, తోటివాళ్లకూ ఇవ్వబోయింది. పక్కన పనిచేస్తున్న ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఆ నీళ్లు మేం తాగం అన్నారు. క్రైస్తవురాలు ముట్టుకున్న పాత్ర, అందులో నీళ్లు మాకు పనికిరావు అన్నారు. మాటా మాటా పెరిగింది.

అంతే. ఆ రోజు జరిగింది అంతే. ఐదు రోజుల తర్వాత ఊరి మౌల్వీ పోలీసు స్టేషనుకు వెళ్లాడు. గొడవ జరిగినప్పుడు ఆయన అక్కడ లేడు. ఈమె ప్రవక్తను దూషించింది అని ఫిర్యాదు రాశాడు. 2010 నవంబరులో సెషన్స్ కోర్టు ఆమెకు ఉరిశిక్ష వేసింది. నీళ్ల దగ్గర మొదలైన గొడవ ఉరికంబం దాకా వెళ్లింది.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. ఈ కథ వింటుంటే మీకు ఇది ఎక్కడో పరాయి దేశం కథలా ఉందా? ఇక్కడ అరవై దాటినవాళ్లు చాలామంది ఉన్నారు. చెప్పండి. మా నాయనమ్మ ఊళ్లోకి కూలికి వెళ్తే, దాహమేసినప్పుడు వంగి దోసిలి పట్టేది. పైనుంచి, చేతికి చెంబు తగలకుండా, ధార పోసేవాళ్లు. సగం నీళ్లు మోచేతుల మీదుగా కారిపోయేవి. రైక తడిసిపోయేది. చిన్నప్పుడు నేను ఆమె వెంట వెళ్లి అది చూశాను. నా చేత కూడా దోసిలి పట్టించింది. ఇంటికొచ్చాక నాన్నకు చెప్పొద్దురా అంది. నాన్న అప్పటికే మిషన్ బడిలో పంతులు, తెలిస్తే బాధపడతాడని ఆమె భయం. టీ కొట్టుల్లో రెండు గ్లాసుల పద్ధతి నేను చెప్పక్కర్లేదు, మీరే చూశారు.

ఇంకాస్త దగ్గరకు వస్తాను. కారంచేడు, 1985 జూలై. అక్కడ మొదలైందేమిటి? మంచినీళ్ల చెరువు. నీళ్లు పాడుచేయొద్దని అన్నందుకు కొట్టబోతే, ఒక మాదిగ మహిళ చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు ఊళ్లోని అగ్రకులాలవాళ్లు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాల వెళ్లి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఇక్కడ బిందె, అక్కడ బావి దగ్గర పాత్ర. రెండు చోట్లా నీళ్లే, రెండు చోట్లా ఆడమనిషే. అందుకే నేను బావి దగ్గర మొదలుపెట్టాను.

నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్న అసలు మాట ఇది. అక్కడ జరుగుతున్నదాన్ని మనం ఒక మతం ఇంకో మతం మీద చేసే హింసగానే చూస్తున్నాం. అది నిజమే, కాదనను. కానీ దాని కింద ఇంకో పొర ఉంది. అది అంటరానితనం. మతం మారినా, దేశం మారినా, జెండా మారినా అది పోలేదు. దాని చేతికి ఒక చట్టం దొరికింది.

ఎవరు వీళ్లు? పాకిస్తాన్ 2023 జనాభా లెక్కల్లో క్రైస్తవులు సుమారు 33 లక్షలు. వందకు ఒకటిన్నర కూడా లేరు. చాలామంది పంజాబ్‌లోనే ఉన్నారు. పేరు చివర మసీహ్ అని ఉంటుంది. మసీహ్ అంటే క్రీస్తు. వాళ్ల తాత ముత్తాతలు చుహ్రాలు. ఊరి బయట ఉండి, పాకీ పని చేసి, చచ్చిన పశువుల్ని మోసి, జమీందారు పొలంలో పాలేరుతనం చేసిన కులం.

1873లో సియాల్‌కోట్ దగ్గర ఒక పల్లె నుంచి దిత్త్ అనే మనిషి మిషనరీ దగ్గరకు నడిచి వచ్చాడు. కుంటివాడు. తోళ్లు కొని అమ్ముకునే చిన్న వ్యాపారం. నాకు బాప్తిస్మం ఇవ్వండి అన్నాడు. దొర వెనకాడాడు. నీకు ఏం తెలుసని, కొన్నాళ్లు ఇక్కడ ఉండి నేర్చుకో అన్నాడు. ఈయన వినలేదు. నేను మా ఊరికే పోతాను, మావాళ్ల మధ్యే ఉంటాను అన్నాడు. వెళ్లి ఇంట్లోవాళ్లను తెచ్చాడు, చుట్టాలను తెచ్చాడు. యాభై ఏళ్లు తిరిగేసరికి ఆ జిల్లాలో ఆ కులంవాళ్లు దాదాపు అందరూ క్రైస్తవులు.

ఒంగోలు వాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఉంటే వాళ్లకు ఇప్పటికే ఒక పేరు గుర్తొచ్చి ఉంటుంది. ఎర్రగుంట్ల పేరయ్య గారు. తాళ్లకొండపాడు. మాదిగ. ఆయనదీ తోళ్ల వ్యాపారమే! ఆ వ్యాపారం మీద ఉత్తరం వైపు ఊళ్లు తిరుగుతూ సువార్త విని, వెనక్కొచ్చి తనవాళ్లకు చెప్పాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. సియాల్‌కోట్ కథ, ఒంగోలు కథ పదేళ్ల అటూ ఇటూగా ఒకేసారి నడిచాయి. ఆ మనుషులు మనవాళ్లే అని నేను అంటే అది ఊరికే మాట కోసం అన్నది కాదు. ఒకే పని చేసినవాళ్లు, ఒకే అవమానం పడ్డవాళ్లు, ఒకే కాలంలో ఒకే దారి వెతుక్కున్నవాళ్లు.

వాళ్లకు కీర్తనలు కూడా ఉన్నాయి. పంజాబీ జబూర్ అంటారు. దావీదు కీర్తనల్ని పంజాబీ పాటలుగా, అక్కడి రాగాల్లో కట్టారు. మనకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఎలాగో వాళ్లకు అవి అలాగ. చదువు రాని ముసలమ్మలు కూడా పుస్తకం లేకుండా పాడతారు.

1947 వచ్చింది. అప్పుడు పంజాబ్ శాసనసభకు స్పీకరు ఎవరో తెలుసా? ఎస్.పి. సింఘా. క్రైస్తవుడు. పంజాబ్ ఎటు వెళ్లాలన్న ఓటు వచ్చినప్పుడు ఆయనా, మిగతా క్రైస్తవ సభ్యులూ పాకిస్తాన్ వైపు వేశారు. కులం లేని మతం కదా, అక్కడ మనల్ని మనుషులుగా చూస్తారు అన్న ఆశ. ఆ ఆశను తప్పు పట్టే హక్కు నాకు లేదు. దోసిలితో నీళ్లు తాగినవాడికి ఆ ఆశ ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. జిన్నా గారు కూడా 1947 ఆగస్టు 11న రాజ్యాంగ సభలో అదే చెప్పారు. మీరు స్వేచ్ఛాజీవులు, మీ గుళ్లకు వెళ్లండి, మసీదులకు వెళ్లండి, మీ మతం ఏదైనా కులం ఏదైనా దానితో రాజ్యానికి పని లేదు అన్నారు. ఇప్పటికీ ఆ తేదీని అక్కడ మైనారిటీల దినంగా జరుపుతారు.

కానీ ఏమైంది? విభజనలో సిక్కు జమీందార్లు ఇటు వచ్చేశారు. వాళ్ల పొలాల మీద బతికిన క్రైస్తవ పాలేర్లు అక్కడే ఉండిపోయారు. ఆ భూముల్ని శరణార్థులుగా వచ్చిన ముస్లిం రైతులకు ఇచ్చారు. వాళ్లు సొంతంగా సేద్యం చేసుకున్నారు. పాలేరుకు పని పోయింది, గుడిసె వేసుకున్న జాగా పోయింది. కొందరు పట్నాలకు వెళ్లి మునిసిపాలిటీ చీపురు పట్టారు. కొందరు ఇటుక బట్టీల్లో చేరారు. ఇవాళ్టికీ అంతే. పాకీ ఉద్యోగాలకు ప్రకటన వేస్తే, ముస్లిమేతరులు మాత్రమే దరఖాస్తు చేసుకోవాలి అని అచ్చు వేసిన సందర్భాలు ఎన్నో. మైనారిటీలకు 5 శాతం ఉద్యోగాలు అని 2009లో కోటా ఇచ్చారు. నిండేవి ఎక్కువగా చీపురు పోస్టులే.

2017 జూన్‌లో సింధ్‌లో ఉమర్‌కోట్ అనే ఊళ్లో మురుగు తొట్టెలోకి దిగిన క్రైస్తవ కార్మికులు విషవాయువుకు పడిపోయారు. ఆసుపత్రికి తెచ్చారు. ఒంటి నిండా మురుగు. రంజాన్ నెల. ముందు కడగండి, మేం ఉపవాసంలో ఉన్నాం, ముట్టుకుంటే మైలపడతాం అని డాక్టర్లు అన్నారని చనిపోయిన కుర్రాడి ఇంటివాళ్ల ఆరోపణ. మైల! చూశారా, ఆ మాట ఎంత పాతది. ఇస్లాంలో అది లేదని అక్కడి ఎందరో ముస్లిములే గట్టిగా చెబుతారు. మతంలో లేకపోయినా మనసులో ఉంది.

సరే, ఇప్పుడు చట్టం. కొంచెం ఓపిక పట్టండి, ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ఇంగ్లీషువాళ్లు 1860లో చేసిన శిక్షాస్మృతిలో 295వ సెక్షన్ ఉంది. ప్రార్థనా స్థలాల్ని పాడుచేయడం నేరం. 1927లో 295-ఎ చేర్చారు. మతభావాల్ని కావాలని, ద్వేషంతో గాయపరచడం నేరం. ఇవి మనకూ వచ్చాయి, వాళ్లకూ వచ్చాయి. అక్కడ సైనిక పాలకుడు జనరల్ జియా ఉల్ హక్ 1982లో 295-బి చేర్చారు, ఖురాన్‌ను అపవిత్రం చేస్తే యావజ్జీవం. 1986లో 295-సి వచ్చింది, ప్రవక్తను దూషిస్తే మరణశిక్ష లేదా యావజ్జీవం. 1990లో ఫెడరల్ షరియత్ కోర్టు, అంటే చట్టాలు ఇస్లాంకు తగ్గట్టు ఉన్నాయా లేదా అని చూసే కోర్టు, యావజ్జీవం చాలదు, మరణశిక్ష ఒక్కటే అని తీర్పు చెప్పింది.

ఆ 295-సి లో మాటలు చూడండి. నోటి మాటతో గానీ, రాతతో గానీ, సూచనతో గానీ, సూటిగా గానీ, డొంకతిరుగుడుగా గానీ. పాత 295-ఎ లో 'కావాలని' అన్న మాట ఉంది. ఇందులో లేదు. ఉద్దేశం అక్కర్లేదు. ఎవరో విన్నామంటే చాలు. అన్న మాట కోర్టులో మళ్లీ పలకడానికి కూడా సాక్షి భయపడతాడు, అది పలికితే తనూ దూషించినట్టవుతుందేమోనని. అప్పుడు జడ్జి దేన్ని విచారించాలి? 1986కు ముందు ఇలాంటి కేసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ తర్వాత ఈ ఆరోపణల్లో ఇరుక్కున్నవాళ్లు రెండు వేలు దాటారు.

ఇక్కడ ఒక్కమాట స్పష్టంగా చెప్పాలి, దయచేసి వినండి. ఆ రెండు వేలమందిలో ఎక్కువమంది ముస్లిములే. 2017లో మర్దాన్‌లో మషాల్ ఖాన్ అనే విద్యార్థిని తోటి విద్యార్థులే కొట్టి చంపారు. ఆ కుర్రాడు ముస్లిం. ఈ నిప్పు ఎవరింటినైనా అంటుకుంటుంది. కానీ జనాభాలో వందకు ఒకటిన్నర లేనివాళ్లు ఈ కేసుల్లో వాళ్ల సంఖ్యకు ఎన్నో రెట్లు కనబడతారు. అందులోనూ ఇంకో తేడా ఉంది. ముస్లిం మీద ఆరోపణ వస్తే ఆ మనిషికి ప్రమాదం. క్రైస్తవుడి మీద వస్తే ఆ పేట మొత్తానికి ప్రమాదం.

ఇప్పటిదాకా ఆ చట్టం కింద ప్రభుత్వం ఎవర్నీ ఉరితీయలేదు. అది విని కొందరు, మరి భయమెందుకు అంటారు. ఎందుకో చెబుతాను. 1990ల్లో ఒక పిల్లవాడు, అప్పటికి పదిహేనేళ్లు కూడా లేవు, మసీదు గోడ మీద దూషణ రాశాడని కేసు. ఆ పిల్లవాడికి రాయడం రాదు! అతనితోపాటు నిందితుడైన మరొకరిని లాహోరులో కోర్టు వాయిదా నుంచి వస్తుంటే కాల్చి చంపారు. పిల్లవాడికి కింది కోర్టు ఉరిశిక్ష వేసింది. అస్మా జహంగీర్ అనే మహా ధైర్యవంతురాలైన లాయరు వాదించారు. 1995లో హైకోర్టు విడుదల చేసింది. విడుదల చేసిన జడ్జీల్లో ఒకరు ఆరిఫ్ ఇక్బాల్ భట్టీ. 1997లో ఆయన్ని ఆయన ఆఫీసులోనే కాల్చి చంపారు. మరి ఆ తర్వాత కింది కోర్టులో కూర్చున్న జడ్జి ఏం చేస్తాడు? శిక్ష వేసి చేతులు దులుపుకుంటాడు, పై కోర్టు చూసుకుంటుందిలే అని. పై కోర్టు చూసేసరికి ఎనిమిదేళ్లు, పదేళ్లు. ఒంటరి గదిలో.

1998 ఏప్రిల్. సాహివాల్ పట్నంలో మరో క్రైస్తవుడికి మరణశిక్ష పడింది. అసలు గొడవ ఇళ్ల స్థలం. కేసు పెట్టాక అతని పల్లెలో క్రైస్తవ కుటుంబాలన్నీ ఖాళీ చేసి పోయాయి, స్థలం ఫిర్యాదు చేసినవాడి చేతికి వచ్చింది. ఈ సంగతి 2002లో సుప్రీంకోర్టు గుర్తించి అతన్ని వదిలింది. కానీ 1998లో ఆ శిక్ష విన్న ఫైసలాబాద్ బిషప్పు జాన్ జోసెఫ్ గారు తట్టుకోలేకపోయారు. ఏళ్ల తరబడి ఈ చట్టం మీద పోరాడినాయన. మే 6న సాహివాల్ కోర్టు ముందుకు వెళ్లి తనను తాను కాల్చుకున్నారు. ఒక బిషప్పు! ఆయన చేసింది సరైనదా కాదా అని మన సంఘాల్లో అడుగుతారు. నేను తీర్పు చెప్పలేను. ఆయన్ని అక్కడిదాకా నెట్టిన పరిస్థితిని చూడమని మాత్రం అడుగుతున్నాను.

ఇక మూకల సంగతి. 1997 ఫిబ్రవరి శాంతినగర్. పేరు చూడండి, శాంతినగర్. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థవాళ్లు కట్టించిన క్రైస్తవ గ్రామం. వేలమంది వచ్చి తగలబెట్టారు. 2009 ఆగస్టు 1 గోజ్రా, ఎనిమిది మంది చనిపోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. 2013 మార్చి 9 లాహోరులో జోసెఫ్ కాలనీ, వందకు పైగా ఇళ్లు. ఆ కేసు కొంచెం చెప్పాలి. ఇద్దరు స్నేహితుల మధ్య తగాదా, క్రైస్తవుడైన పారిశుద్ధ్య కార్మికుడి మీద దూషణ ఆరోపణ. అతనికి ఉరిశిక్ష పడింది, ఏడున్నరేళ్ల తర్వాత 2020లో నిర్దోషి అని హైకోర్టు తేల్చింది. ఇళ్లు తగలబెట్టిన కేసులో వందమందికి పైగా నిందితులు. వాళ్లందర్నీ 2017లోనే వదిలేశారు, సాక్ష్యం చాలదని. పట్టపగలు కెమెరాల ముందు కాలాయి ఆ ఇళ్లు.

ఇటుక బట్టీ అంటే మనకు తెలుసు. మన దగ్గర ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి, చేతిలో అడ్వాన్సు పెట్టి తెస్తారు, అది తీరేదాకా కదలనివ్వరు. అక్కడ ఆ అడ్వాన్సును పేష్గీ అంటారు. 2014 నవంబరు 4, కోట్ రాధాకిషన్ దగ్గర ఒక బట్టీలో భార్యాభర్తలు. ఆమె గర్భవతి. చనిపోయిన మామగారి పెట్టెలో పాత కాగితాలు, ఏవో తాయెత్తులు ఉంటే కాల్చేసింది. అందులో ఖురాన్ పుటలు ఉన్నాయని ఎవరో అన్నారు. పారిపోదామంటే పేష్గీ బాకీ ఉంది, బట్టీవాళ్లు గదిలో పెట్టి తాళం వేశారు. మసీదు మైకులో చెప్పారు. ఊళ్ల నుంచి జనం వచ్చి గది పైకప్పు పీకి బయటకు లాగారు. ఆ ఇద్దర్నీ ఇటుకలు కాల్చే ఆ బట్టీలోనే...

ఇక్కడ పిల్లలున్నారు. ఇంతకంటే చెప్పను.

బాంబుల గురించి రెండే మాటలు చెప్పి ముందుకు పోతాను. 2013 సెప్టెంబరు 22, ఆదివారం. పెషావర్‌లో ఆల్ సెయింట్స్ చర్చి. 1883లో కట్టింది, బయటి నుంచి చూస్తే మసీదులా ఉంటుంది. ఊరి పద్ధతికి తగ్గట్టు అలా కట్టారు. ఆరాధన ముగిసి జనం ఆవరణలో నిలబడి ఉన్నప్పుడు ఇద్దరు తమను పేల్చుకున్నారు. ఎనభై మందికి పైగా పోయారు. 2015 మార్చిలో లాహోరు యూహనాబాద్‌లో రెండు చర్చిలు. 2016 ఈస్టరు సాయంత్రం లాహోరు పార్కులో ఉయ్యాలల దగ్గర. అక్కడ చనిపోయిన డెబ్బై మందికి పైగా మనుషుల్లో ముస్లిములు కూడా చాలామంది. ఇవి ఉగ్రవాద ముఠాల పని. వాటికి పేర్లున్నాయి, వాటి మీద సైన్యం వెళ్లింది. మూక అలా కాదు. మూకలో పొరుగువాడు ఉంటాడు. నిన్న నీతో బస్సు ఎక్కినవాడు ఉంటాడు. అందుకే నాకు మూక ఎక్కువ భయం.

ఇప్పుడు ఆసియా బీబీ దగ్గరకు మళ్లీ వస్తాను. ఉరిశిక్ష పడ్డాక ఆమెను జైల్లో చూడటానికి ఎవరు వెళ్లారు? పంజాబ్ గవర్నరు. సల్మాన్ తాసీర్. ముస్లిం. పక్కన కూర్చుని పత్రికలవాళ్లతో మాట్లాడారు, ఇది నల్ల చట్టం అన్నారు. 2011 జనవరి 4న ఇస్లామాబాద్‌లో కోహ్సార్ మార్కెట్ దగ్గర ఆయన అంగరక్షకుడే ఆయన్ని కాల్చేశాడు. కాపాడటానికి పెట్టిన మనిషి. కోర్టుకు తెస్తే లాయర్లు ఆ హంతకుడి మీద గులాబీ రేకులు చల్లారు. రెండు నెలలు తిరగకుండా మార్చి 2న మైనారిటీల మంత్రి షాబాజ్ భట్టీ గారిని కారులోనే చంపారు. ఆయన క్రైస్తవుడు, ఫైసలాబాద్ జిల్లా ఖుష్‌పూర్ అనే పల్లెవాడు. తనను చంపుతారని ఆయనకు తెలుసు. ముందే ఒక వీడియోలో మాట్లాడి పెట్టారు. సిలువ అర్థం తనకు తెలుసని, తనవాళ్ల కోసం చావడానికి సిద్ధమని అందులో చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు వణకలేదు. దొరికితే చూడండి.

ఆసియా కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. సైఫుల్ మలూక్ వాదించారు. ఆయనా ముస్లిమే. 2018 అక్టోబరు 31న ముగ్గురు జడ్జీలు ఆమె నిర్దోషి అన్నారు. ఆ తీర్పులో నన్ను కదిలించినవి రెండు. ఒకటి, ఊళ్లో పంచాయితీ పెట్టి ఆమె చేత తప్పు ఒప్పించామన్నారు కదా, ఆ పంచాయితీకి ఎంతమంది వచ్చారంటే ఒక సాక్షి వంద అన్నాడు, ఒకరు వెయ్యి అన్నారు, ఇంకొకరు రెండు వేలన్నారు. ఎవరింట్లో జరిగిందో కూడా తలా ఒకటి చెప్పారు. ఆ అక్కచెల్లెళ్లు అసలు నీళ్ల గొడవ ఊసే సాక్ష్యంలో ఎత్తలేదు. తోట యజమాని నోట అది బయటకు వచ్చింది. వాళ్లు దాచిన నీళ్లే కేసును తేల్చాయి.

రెండోది, ఆ ముగ్గురు జడ్జీల్లో ఒకరైన జస్టిస్ ఖోసా విడిగా రాసిన భాగం. ఆయన ఎక్కడికి వెళ్లారో తెలుసా? సీనాయి కొండ దగ్గర సెయింట్ కేథరిన్ మఠం. ప్రవక్త ముహమ్మద్ ఆ మఠం సన్యాసులకు ఇచ్చారని చెప్పే అభయపత్రం ఉంది. క్రైస్తవులు నా పౌరులు, వాళ్లకు కీడు చేసేవాడు నాకు విరోధి అన్న అర్థంతో ఉంటుంది. ఆ మాటను ఎత్తి చూపి, ప్రవక్త ఇచ్చిన వాగ్దానం ఇది, మీరు ఆయన పేరు చెప్పి చేస్తున్నదేమిటి అన్నట్టుగా రాశారు. ఇంత మాట రాస్తే ప్రాణం మీదకు వస్తుందని తెలిసే రాశారు. తీర్పు వచ్చిన మూడు రోజులు దేశమంతా రోడ్లు దిగ్బంధం. లాయరు మలూక్ దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆసియా విడుదలయ్యాక కూడా నెలల తరబడి దాక్కునే ఉంది. 2019 మేలో కెనడా చేరింది. తొమ్మిదేళ్లు జైలు, నీళ్లు తాగినందుకు.

ఇది విన్నాక మీలో కొందరికి కోపం వస్తుంది. వస్తే ఆ కోపాన్ని ఈ గుంటూరులో మన వీధి చివర షాపు పెట్టుకున్న సాయిబు గారి మీదకు తీసుకెళ్లకండి. నేను అందుకే పేర్లు చెప్పుకుంటూ వచ్చాను. తాసీర్, అస్మా, జడ్జి భట్టీ, ఖోసా, మలూక్. 2013లో పెషావర్ దాడి తర్వాత లాహోరులో సెయింట్ ఆంథనీ చర్చి బయట ముస్లిములు చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు, లోపల ఆరాధన అయ్యేదాకా. ప్రాణం ఇచ్చినవాళ్లలో వాళ్లున్నారు. మనం ఇక్కడ కూర్చుని ఉపన్యాసం విన్నాం, అంతే కదా.

చివరిగా జడాన్‌వాలా. ఫైసలాబాద్ జిల్లాలో పట్నం. 2023 ఆగస్టు 16 పొద్దున్నే. ఒక క్రైస్తవ పేట దగ్గర చిరిగిన ఖురాన్ కాగితాలు కనబడ్డాయి, వాటి మీద ఏదో రాసి ఉంది, ఇద్దరు అన్నదమ్ముల పేర్లు ఉన్నాయి. ఎవరైనా నేరం చేసి దాని మీద తన పేరు రాసుకుంటాడా? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మసీదు మైకుల్లో పిలుపు వెళ్లింది. సాయంత్రానికి ఇరవైకి పైగా చర్చిలు, ఎనభైకి పైగా ఇళ్లు. సిలువలు విరగ్గొట్టారు, బైబిళ్లు రోడ్డు మీద వేసి కాల్చారు. సమాధుల్ని కూడా వదల్లేదు. మైకు వినగానే జనం పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. ఎక్కడికి? చెరుకు తోటల్లోకి. ఆగస్టులో చెరుకు మనిషి ఎత్తు దాటి ఉంటుంది. ఆకు అంచు కోస్తుంది, మీకు తెలుసు. లోపల గాలి ఆడదు. ఆ తోటల్లో పసిపిల్లలతో రాత్రంతా కూర్చున్నారు.

ఆ వచ్చిన ఆదివారం, ఆగస్టు 20, కాలిపోయిన సాల్వేషన్ ఆర్మీ చర్చి బయట రోడ్డు మీదే ఆరాధన పెట్టుకున్నారు. లోపల కూర్చోవడానికి లేదు, మసి వాసన. ఆడవాళ్లు తల మీద దుపట్టా లాక్కుని ఏడుస్తూనే నిలబడ్డారు. ప్రభుత్వం ఇల్లు కాలినవాళ్లకు ఇరవై లక్షల చొప్పున ఇస్తామంది, ఇచ్చింది కూడా. వాళ్ల సుప్రీంకోర్టు జడ్జి ఖాజీ ఫాయిజ్ ఈసా గారు వెళ్లి పరామర్శించారు. అవి జరిగాయి, చెప్పడం న్యాయం. ఆ ఇద్దరు అన్నదమ్ముల మాటేమిటి? వాళ్లను ఇరికించారని పోలీసులే తేల్చారు. 2024లో కోర్టు వదిలేసింది.

అయితే ఇంకొకరు ఉన్నారు. ఆ చిరిగిన కాగితాల ఫొటో అప్పట్లో ఫోన్లన్నింట్లో తిరిగింది కదా, దాన్ని టిక్‌టాక్‌లో మళ్లీ పెట్టాడని ఒక క్రైస్తవ యువకుడి మీద కేసు పెట్టారు. కాగితాలు చించింది అతను కాదు, రాసింది అతను కాదు. పేదింటి కుర్రాడు. 2024 జూలై 1న కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. ఆ కోర్టు ఉన్న ఊరు సాహివాల్. అంతకు ఇరవై ఆరేళ్ల ముందు బిషప్పు జాన్ జోసెఫ్ గారు కోర్టు ముందు ప్రాణం తీసుకున్న ఊరు అది.

నాకిచ్చిన సమయం దాటిపోయింది. అడిగేవాళ్లు అడగండి, తెలిసినంత చెబుతాను.